దబీర్‌పురా: కలం పేరు పెట్టుకొన్న కోటవాకిలి

హైదరాబాదు చూడవచ్చిన చుట్టాలను మనం సామాన్యంగా ఎక్కడికి తీసుకొని వెళతాం? చార్మినారుకు, మక్కా మసీదుకు, సాలార్‌జంగ్ మ్యూజియానికి. తీరిక ఉంటే గోలకొండకు. “దబీర్‌పురా చూపించండి” అని అడిగిన చుట్టం ఇంతవరకు నాకు తారసపడలేదు. నేనే తీసుకొని వెళతానన్నా, “అక్కడేముందండీ చూడడానికి?” అని మా ఇంట్లోనే అడ్డం పడతారు. మాట నిజమే. అక్కడ టిక్కెట్టు కొని చూడవలసినదేదీ లేదు. ఉన్నదల్లా ఒక పాత దర్వాజా, ఒక ఆషూర్‌ఖానా, నడిచి వెళ్ళగల దూరంలో ఒక పాత ఖబరస్తాను. కాని ఈ మూడింటి చుట్టూ తిరిగివస్తే హైదరాబాదు రాజ్యపు నూరేళ్ళ కథ తిరిగివచ్చినట్లే.

వెళ్ళడం కష్టం కాదు. సికిందరాబాదులో ఫలక్‌నుమా వైపు పోయే ఎం.ఎం.టి.ఎస్. బండి ఎక్కితే, కాచిగూడ, మలక్‌పేట దాటిన తరువాత వచ్చే స్టేషను దబీర్‌పురా. నాకు తోడు వచ్చినవారు మా కళాశాలలో చాలాకాలం ఉర్దూ చెప్పి రిటైరైన పెద్దమనిషి. నేనాయనను మౌల్వీసాబ్ అంటాను. ఆయన నన్ను పంతులుగారూ అంటారు. పదోతరగతి చదువుతున్న మా అబ్బాయి, ఆదివారం కదా అని, మా ఇద్దరి వెంటా పడ్డాడు.

దర్వాజా ముందు

దర్వాజా చూడగానే ముందు కలిగేది నిరాశ. చార్మినారుకున్న సోయగం దీనికి లేదు. మీనారు లేదు, నగిషీ లేదు. దిట్టమైన కట్టడం, నడుమ ఒక కమాను. ఇటూ అటూ ఇళ్ళూ దుకాణాలూ ఒరుసుకొని ఉంటాయి. కమాను కింద ఆటోలు, స్కూటర్లు హారను మోగించుకొంటూ దూరిపోతుంటాయి. తల పైకెత్తి చూసేవాడు కనుపించడు. ఒకవేళ ఎత్తితే వెనకనుంచి ఆటోవాడు “జర పక్కకు జరుగుండ్రి సార్” అంటాడు.

ఈ వాకిలి ఒంటరిది కాదు. మొగలాయి సుబేదారులలో చివరివాడైన ముబారిజ్‌ఖాన్ హైదరాబాదు నగరం చుట్టూ గోడ కట్టించడం మొదలుపెట్టాడు. 1724లో శకర్‌ఖేడా యుద్ధంలో అతడు మరణించాడు. గెలిచిన నిజాముల్‌ముల్క్, అంటే మొదటి నిజాం, ఆ గోడను పూర్తి చేయించాడు. ఆ గోడకు పదమూడు దర్వాజాలు, వాటి మధ్య కిటికీలని పిలిచే చిన్న ద్వారాలు ఉండేవి. 1908లో మూసీకి వచ్చిన పెద్ద వరద గోడను చాలాచోట్ల పడగొట్టింది. వరద మిగిల్చినదాన్ని రోడ్లూ, ఇళ్ళూ, పెరిగే నగరమూ మింగాయి. పదమూడింటిలో ఈనాడు నిలిచి ఉన్నవి రెండే. ఒకటి పురానాపుల్ దర్వాజా, రెండోది ఇది.

పేరు గురించి మౌల్వీసాబ్‌ను అడిగాను.

“దబీరు అంటే ఫారసీల వ్రాసేటోడు, పంతులుగారూ. మున్షీ అనుకోండి. దర్బారుల కూర్చొని ఫర్మానాలు, ఉత్తరాలు వ్రాసేటి మనిషి.”

మన భాషలో దీనికి చక్కని మాట ఉన్నది: రాయసం. విజయనగరపు కొలువులో లేఖలు వ్రాసే ఉద్యోగికి అదే పేరు. రాయసంవారనే ఇంటిపేరు మనలో ఇప్పటికీ ఉన్నది. అంటే దబీర్‌పురాను తెలుగు చేస్తే రాయసంపేట అవుతుంది. ఆ క్షణాన దర్వాజా నాకు మరొక విధంగా కనుపించింది. కోటవాకిలి అన్నది కత్తివాళ్ళ సొత్తు. కావలి, తుపాకి, తాళాలగుత్తి ఉండవలసిన చోటు. దానికి పెట్టిన పేరు చూడబోతే కలం పట్టినవాళ్ళది!

దర్వాజా పేటలోనే బీబీకా అలావా ఉన్నది. కుతుబ్‌షాహీల నాటి హయాత్‌బక్షీ బేగం కాలం నుంచి వస్తున్నదని చెప్పే బీబీకా ఆలం ఇక్కడ ఉంటుంది. ప్రవక్త కుమార్తె ఫాతిమాకు అంత్యస్నానం చేయించిన కొయ్యపలక తునక ఆ ఆలంలో పొదిగి ఉన్నదని విశ్వాసం. మొహర్రం పదవనాడు దానిని ఏనుగుమీద ఎక్కించి, చార్మినారు, పురానీ హవేలీ, దారుల్‌షిఫా మీదుగా చాదర్‌ఘాట్‌కు ఊరేగింపుగా తీసుకొని వెళతారు. మన పల్లెల్లో పీర్లపండుగ చూసినవారికి ఇది వింతగా తోచదు. పీర్ల ముందు గుండం తొక్కిన హిందువులు తెలంగాణాలో లెక్కలేనంతమంది.

అక్కడినుంచి దాయిరా మీర్ మోమిన్ వైపు నడక సాగించాము. మహమ్మద్ కులీ కుతుబ్‌షాకు పేష్వాగా ఉండి, హైదరాబాదు నగర నిర్మాణంలో ముఖ్యపాత్ర వహించిన మీర్ మోమిన్ అస్త్రాబాదీ ఏర్పరచిన ఖబరస్తాను అది. కర్బలా నుంచి మట్టి తెప్పించి ఇక్కడ చల్లించాడంటారు. ఆయన సమాధీ ఇక్కడిదే. అయితే ఆ రోజు నేను చూడాలనుకొన్నది మరొకరి సమాధిని. కత్తులు రాజ్యమేలుతున్న ఈ నగరంలో కలాన్ని గద్దెనెక్కించిన మనిషి, మీర్ తురాబ్ అలీఖాన్ సమాధి. లోకానికి ఆయన మొదటి సాలార్‌జంగ్‌గానే తెలుసు.

ఇరవైనాలుగేళ్ళ దివాను

మా అబ్బాయి దారిలో ఒక ప్రశ్న వేశాడు. “మ్యూజియం ఆయనేగా నాన్నా?”

కాదు. మ్యూజియంలోని వస్తువులలో ఎక్కువ భాగం సేకరించినవాడు ఈయన మనుమడు యూసుఫ్ అలీఖాన్, మూడవ సాలార్‌జంగ్. తాతగారు కొన్నవీ అందులో ఉన్నవి. ముసుగు వెనక ముఖం కనుపించే రెబెక్కా పాలరాతి బొమ్మ చూసి నోరు తెరవనివారుండరు కదా. అది ఈయన 1876లో రోములో కొన్నదే. బొమ్మ కొన్న చేయి అంతకుముందు ఇరవై మూడేళ్ళుగా ఏం చేస్తున్నదో మాత్రం మ్యూజియం చూసివచ్చేవారికి తెలియదు.

తురాబ్ అలీఖాన్ 1829లో పుట్టాడు. పసితనంలోనే తండ్రి పోతే, తండ్రి తోడబుట్టిన సిరాజుల్‌ముల్క్ చేరదీసి పెంచాడు. ఆ సిరాజుల్‌ముల్క్ నిజాముకు దివాను. 1853 మే 21న ఆయన చేత డల్హౌసీ ప్రభుత్వం ఒక ఒడంబడిక మీద సంతకం చేయించింది. నిజాం పేరిట ఇంగ్లీషువారు నడిపే కంటింజెంటు సైన్యానికి జీతాల బాకీ పేరుకుపోయిందనీ, అందుకు హామీగా బీరారు, రాయచూరు దోఆబ్, ధారాశివ్ ప్రాంతాలు తమ చేతికి ఇవ్వవలసిందనీ దాని సారాంశం. సంతకం ఆరీ ఆరకముందే సిరాజుల్‌ముల్క్ చనిపోయాడు. ఆ నెలాఖరుకు దివానుగిరీ తురాబ్ అలీఖాన్ భుజాన పడింది. అప్పటికాయనకు ఇరవైనాలుగేళ్ళు. మన ఇళ్ళలో ఆ వయసు కుర్రవాడికి కరెంటు బిల్లు కట్టిరమ్మని చెప్పాలన్నా రెండుసార్లు ఆలోచిస్తాం!

ఆయన చేతికి వచ్చిన రాజ్యం ఎటువంటిదంటే: బొక్కసం ఖాళీ. తాలూకాలను గుత్తకు ఇచ్చేవారు. పాడుకొన్నవాడు రైతు నుంచి పిండుకొన్నంత పిండుకొని, సర్కారుకు ఇవ్వవలసింది ఇచ్చి, మిగిలింది వేసుకొనేవాడు. అనేక తాలూకాలు సాహుకార్ల దగ్గరా, అరబ్బు జమేదార్ల దగ్గరా తాకట్టులో ఉండేవి. అరబ్బులు, రోహిల్లాలు, పఠాణులు అందరూ కూలికి వచ్చిన సిపాయిలు. జీతం రాకపోతే వడ్డీకి వడ్డీ కట్టించి, సర్కారునే బాకీదారుగా నిలబెట్టేవారు. బాకీ ఎగవేసిన వారిని పట్టి బంధించడానికి జమేదార్లకు సొంత చెరసాలలు ఉండేవి. న్యాయస్థానానికి పోయే పని లేదు. కత్తి ఉన్నవాడే న్యాయస్థానం.

మా అబ్బాయి అప్పుడే లింకన్ పాఠం చదివాడు. అది అందుకు మంచి పోలిక అయింది. లింకన్, సాలార్‌జంగ్ దాదాపు ఒక కాలంవారు. లింకన్ 1832లో బ్లాక్ హాక్ యుద్ధానికి స్వచ్ఛంద సైనికుడుగా వెళ్ళాడు. 1834లో ఇల్లినాయి రాష్ట్ర శాసనసభకు ఎన్నికైనాడు. 1836లో వకీలు పట్టా పుచ్చుకొన్నాడు. సైనికుడు, శాసనసభ్యుడు, వకీలు. ఆనాటి అమెరికాలో చురుకైన యువకుడికి ఈ మూడు మెట్లూ ఊళ్ళోనే దొరికేవి. హైదరాబాదులో? వకీళ్ళను నిలబెట్టే కచేరీలు సరిగా లేవు. శాసనసభ అనే మాటే లేదు. సైన్యం ఉన్నది గాని, అది ఎవరి సైన్యమో చెప్పడం కష్టం. అటువంటి చోట ఈ మూడు పనులూ ఒక్క దివాను తన బల్ల దగ్గర కూర్చొని చేయవలసివచ్చింది. అదీ ఒక్క ఓటూ అడగకుండా, ఒక్క యుద్ధమూ చేయకుండా.

తాలూకాలు తిరిగివచ్చిన విధం

ఆయన చేసిన మొదటి పని జమేదార్లతో యుద్ధానికి దిగడం కాదు, లెక్కలు చూడడం. ఎవరికెంత బాకీ, ఎంత వడ్డీ, అందుకు బదులు ఏ తాలూకా పోయింది? ఒక్కొక్క పద్దూ తేల్చి, బాకీలకు దారి చూపి, తాకట్టుపోయిన భూములను కొంచెం కొంచెంగా విడిపించాడు. తాలూకాలను గుత్తకిచ్చే పద్ధతి తీసివేసి, జీతగాళ్ళయిన తాలూక్‌దార్లను వేశాడు. జీతం పుచ్చుకొనేవాడు లెక్క చెప్పాలి. లెక్క చెప్పవలసినవాడు కొంతకు కొంతైనా భయపడతాడు. ఈ సూత్రం మన కళాశాల ఆఫీసులో కూడ పనిచేస్తుంది.

1865లో జిల్లాబందీ వచ్చింది. రాజ్యాన్ని జిల్లాలుగా, జిల్లాలను తాలూకాలుగా విభజించి, జిల్లాకు తాలూక్‌దారును, తాలూకాకు తహసీల్దారును నియమించారు. కొద్దికాలానికి జిల్లాల మీద సుబాలు ఏర్పడినవి. జిల్లాలకు పోలీసుశాఖ వచ్చింది. సివిలు వ్యవహారాలకు దివానీ అదాలతులు, నేరాలకు ఫౌజుదారీ అదాలతులు పనిలో పడినవి. 1868లో రెవెన్యూ, న్యాయం, పోలీసు, తక్కిన శాఖలు అని నాలుగు భాగాలు చేసి, నలుగురు సదరుల్‌మహాములను వేశాడు. మంత్రివర్గం వంటిదన్నమాట. 1874లో వాడి నుంచి సికిందరాబాదుకు రైలు వచ్చింది. అదే సంవత్సరాలలో ఉత్తరాది నుంచి చదువుకొన్నవారిని పిలిపించుకొన్నాడు. సయ్యద్ హుస్సేన్ బిల్గ్రామీ అలా వచ్చినవాడే. సరోజినీ నాయుడి తండ్రి అఘోరనాథ ఛటోపాధ్యాయ 1878లో వచ్చి ఇక్కడ ఇంగ్లీషు చదువులకు పునాది వేశాడు.

“ఆ మనుషులొచ్చినంక మన మనుషులకు నౌకర్లు లేకుండ పోయినయని అప్పటినుంచే లొల్లి,” అన్నారు మౌల్వీసాబ్ నవ్వుతూ. ముల్కీ, గైర్‌ముల్కీ తగాదాకు విత్తనం కూడ ఈ ఉద్యోగాలలోనే పడిందన్నమాట. తెలంగాణాలో ఆ తగాదా ఎంత దూరం పోయిందో పాఠకులకు వేరే చెప్పనక్కరలేదు.

పిల్లవాడు అడిగిన ప్రశ్న

ఇంతవరకు చెప్పినది చేదు లేని కథ. కాని సాలార్‌జంగ్ జీవితంలో 1857 ఉన్నది.

ఆ సంవత్సరం మేలో మీరట్టులో తిరుగుబాటు లేచింది. ఆ నెలలోనే నాసిరుద్దౌలా చనిపోయి అఫ్జలుద్దౌలా నిజాం అయ్యాడు. హైదరాబాదు కదిలితే దక్షిణమంతా కదులుతుందని ఇంగ్లీషువారి గుండెలు దడదడలాడుతున్నవి. కంటింజెంటు సైన్యంలో తిరగబడి పారిపోయివచ్చిన జమేదారు చీదాఖాన్ నగరంలో అడుగుపెట్టగానే, సాలార్‌జంగ్ అతణ్ణి పట్టి రెసిడెన్సీకి అప్పగించాడు. ఊరు భగ్గుమన్నది. జులై 17 శుక్రవారం నమాజు ముగిసిన తరువాత మక్కా మసీదు నుంచి జనం కదిలారు. తుర్రెబాజ్‌ఖాన్, మౌల్వీ అలావుద్దీన్ నాయకత్వాన వందలకొద్దీ రోహిల్లాలు కోఠీలోని రెసిడెన్సీ మీద పడ్డారు. రెసిడెన్సీ గోడకెదురుగా ఉన్న ఇళ్ళలో చేరి రాత్రివేళ కాల్పులు జరిపారు. కాని దివాను ముందే రెసిడెంటుకు కబురు పంపివున్నాడు. ఫిరంగులు సిద్ధంగా ఉన్నవి. తెల్లవారేసరికి తిరుగుబాటు చెదిరిపోయింది.

తుర్రెబాజ్‌ఖాన్ పట్టుబడ్డాడు, ద్వీపాంతరవాస శిక్ష పడింది. 1859 జనవరిలో చెర నుంచి తప్పించుకొన్నాడు. కొద్దిరోజులకే తూప్రాన్ దగ్గర అతణ్ణి చంపి, శవాన్ని నగరంలో అందరూ చూసేలా వేలాడగట్టారు. మౌల్వీ అలావుద్దీన్‌ను అండమాన్‌కు పంపారు. ఆయన తిరిగి రాలేదు. సురపురం యువపాలకుడు వెంకటప్పనాయకుడు ఇంగ్లీషువారి మీద కత్తి దూసి, ఓడి, 1858లో హైదరాబాదు వచ్చి చిక్కాడు. ఆయననూ సాలార్‌జంగ్ రెసిడెంటుకు అప్పగించాడు. 1860లో ఇంగ్లీషువారు బహుమానాలు పంచారు. రాయచూరు, ధారాశివ్ తిరిగి ఇచ్చారు. యాభై లక్షల బాకీ కొట్టివేశారు. పైగా ఆ వెంకటప్పనాయకుడి సురపురాన్నే నిజాముకు కానుకగా ఇచ్చారు.

జనం ఊరుకోలేదు. 1859 మార్చిలో దర్బారు నుంచి రెసిడెంటు డేవిడ్‌సన్‌తో కలిసి వస్తున్న దివాను మీద జహంగీర్‌ఖాన్ అనే అతడు తుపాకి కాల్చాడు. గురి తప్పింది. 1868లో మరొకసారి కాల్చారు. అప్పుడూ బతికాడు. రెండుసార్లూ మరునాడు యథాప్రకారం కచేరీకి పోయే మనిషి అని ఆయనకు పేరు.

మా అబ్బాయి నడుస్తున్నవాడు ఆగిపోయాడు. “ఇంతకూ ఈయన మనవైపా, ఇంగ్లీషువాళ్ళవైపా నాన్నా?”

నేను జవాబు వెతుక్కొనేలోగా మౌల్వీసాబే అందుకొన్నారు. “బేటా, ఒక్క మాటల చెప్పేటిది కాదిది. తుర్రెబాజ్‌ఖాన్ పేరు మీద కోఠీల సడక్ ఉన్నది. ఈయన పేరు మీద మ్యూజియమున్నది. షహరు ఇద్దరినీ ఉంచుకున్నది. నువ్వు ఒక్కరిని ఎందుకు తీసేస్తవ్?”

మాట అందంగానే ఉన్నది గాని, ప్రశ్న అంతటితో తీరదు. సాలార్‌జంగ్ లెక్క ఇలా ఉండి ఉంటుందని నేననుకొంటాను. నాలుగేళ్ళ పిల్లవాడిలాంటి ఆ కొత్త రాజ్యాంగం అప్పుడప్పుడే నడక నేరుస్తున్నది. తాకట్టు విడిపించిన తాలూకాలు ఇంకా కుదుటపడలేదు. కత్తివాళ్ళు గెలిస్తే ముందు కాలిపోయేవి ఆ లెక్కల పుస్తకాలే. కనుక ఆయన పుస్తకాన్ని కాపాడుకొన్నాడు. కాని ఆ పుస్తకం కోసం తుర్రెబాజ్‌ఖాన్ శవం వేలాడవలసివచ్చింది, ఒక పరాయి రాజకుమారుణ్ణి పట్టి ఇవ్వవలసివచ్చింది. ఈ మూల్యాన్ని చిన్నదిగా చూపినా, అసలు పుస్తకమే లేదన్నట్లు మాట్లాడినా చరిత్రకు అపచారమే.

బీరారు పోయిన దారి

కాగితాన్ని అంతగా నమ్మినవాడికి కాగితమే ఎలా ఎదురు తిరిగిందో చూడండి. బీరారు 1853లో హామీగా ఇచ్చినదే గాని అమ్మినది కాదు. బాకీ తీరితే తిరిగి రావాలి. సాలార్‌జంగ్ వకీలువలె వాదన తయారుచేసికొన్నాడు. ఒడంబడికలు ముందు పెట్టాడు. సైన్యం ఖర్చుకు సరిపడే సొమ్ము ముందుగా జమకడతామన్నాడు. ఉత్తరం వెనుక ఉత్తరం వ్రాశాడు. 1869లో అఫ్జలుద్దౌలా పోయి, రెండున్నరేళ్ళ మహబూబ్ అలీఖాన్ నిజాం కాగా, రాజ్యభారం వహించిన ఇద్దరు సంరక్షకులలో ఈయన ఒకడు. నిజాం మైనరుగా ఉండగా ఇటువంటి మాట తేలదని ఇంగ్లీషువారు తోసివేశారు.

1876లో ఆయన ఐరోపా వెళ్ళాడు. పారిస్‌లో జారిపడి తొడ ఎముక విరిగింది. ఆ కాలుతోనే లండను చేరాడు. అక్కడ విందులు, స్వాగతాలు, లండను నగరపు గౌరవ పౌరసత్వం. ఆక్స్‌ఫర్డు విశ్వవిద్యాలయం ఆయనకు న్యాయశాస్త్రంలో గౌరవ డాక్టరేటు ఇచ్చింది. ఏ న్యాయ కళాశాలలోనూ చదవని మనిషికి, సొంత రాజ్యంలో అదాలతులు నిలబెట్టినందుకు దక్కవలసిన పట్టమే అది. డాక్టరేటు ఇచ్చారు గాని బీరారు ఇవ్వలేదు. 1857లో ఎవరిని కాపాడాడో వారే ఆయన అర్జీని పక్కన పెట్టారు. ఆయన పోయిన చాలా కాలానికి, 1902లో, కర్జను ఏడాదికి పాతిక లక్షల చొప్పున బీరారును శాశ్వత కౌలు కింద వ్రాయించుకొన్నాడు.

కత్తిని తనవద్ద ఉంచుకొన్నవాడే కాగితానికి చివరి అర్థం చెబుతాడు. ఈ పాఠం సాలార్‌జంగ్ జమేదార్ల దగ్గర నేర్చుకొన్నాడు. ఇంగ్లీషువారి దగ్గర మళ్ళీ నేర్చుకొన్నాడు.

మాటలలో మిగిలిన రాజ్యం

తెలుగు చెప్పుకొని బతికేవాణ్ణి కనుక నాకు తోచిన మరొక సంగతి చెబుతాను. మనం రోజూ వాడే మాటలు చూడండి: జిల్లా, తాలూకా, తహసీల్దారు, వకీలు, వకాల్తా, ఫిర్యాదు, దావా, దస్తావేజు, హాజరు, రద్దు, రసీదు, జమాబందీ. వీటిలో అనేకం గోలకొండ నాటినుంచీ మన నోట ఉన్నవే. కాని ప్రతి రైతు ఇంటికీ, ప్రతి తగాదాకూ అవి అవసరమయేలా చేసింది ఈ జిల్లాబందీ పాలన. ఆ దర్వాజా మీది దబీరు మన భాషలో కూడ ఒక పేట కట్టుకొన్నాడన్నమాట.

అయితే సాలార్‌జంగ్ జీవితకాలమంతా సర్కారు భాష ఫారసీ. ఆయన పోయిన తరువాత, 1884 ప్రాంతంలో, ఆయన కుమారుడు దివానుగా ఉండగా ఉర్దూ వచ్చింది. తెలుగు రైతుకు మాత్రం రెండూ ఒకటే. తన పొలం గురించి తన రాజు ఏం వ్రాశాడో తెలుసుకోవాలంటే మున్షీ గుమ్మం ఎక్కాలి, చేయి తడపాలి. కత్తి పోయింది, సంతోషమే. కాని దాని స్థానంలో వచ్చిన కలం వ్రాసినది ఊళ్ళో తొంభైమందికి చదవరాదు.

ఈ కొరత ఎంత కాలం నడిచిందో చెప్పడానికి ఒక్క సంఘటన చాలు. 1921 నవంబరు 12న హైదరాబాదు వివేకవర్ధని థియేటరులో కర్వే పండితుడి అధ్యక్షతన సంఘసంస్కార సభ జరిగింది. ఇంగ్లీషు, ఉర్దూ, మరాఠీ ఉపన్యాసాలు సాగినవి. వకీలు ఆలంపల్లి వెంకటరామారావుగారు లేచి తెలుగులో మాట్లాడబోతే సభలో గేలిచేశారు. ఆ రాత్రే కొందరు తెలుగువారు టేకుమాల రంగారావుగారి ఇంట చేరి ఆంధ్రజనసంఘాన్ని స్థాపించారు. తరువాతి నిజాంరాష్ట్ర ఆంధ్రోద్యమానికి మొదలు అదే. సాలార్‌జంగ్ నిలబెట్టిన కచేరీలలో పెరిగిన వకీలు వృత్తిలోనుంచే, ఆయన ఇవ్వని దానిని అడిగే మనుషులు పుట్టారు. మాడపాటి హనుమంతరావుగారు వకీలు; బూర్గుల రామకృష్ణారావుగారు వకీలు. ఆ బూర్గులవారే 1952 ఎన్నికల తరువాత హైదరాబాదు రాష్ట్రానికి ముఖ్యమంత్రి అయ్యారు. వకీలు పట్టా నుంచి శాసనసభకు పోయే మెట్టు లింకన్‌కు 1830లలో దొరికితే, మనకు దొరకడానికి మరో నూరేళ్ళు పట్టింది.

దాయిరాలో

1883 ఫిబ్రవరిలో జర్మనీ నుంచి మెక్లెన్‌బర్గు రాజవంశీకుడొకరు అతిథిగా వచ్చారు. మీర్ ఆలం చెరువు దగ్గర ఆయనకు విందు. మరునాటికి దివాను కలరాతో మంచం పట్టాడు. ఎనిమిదో తేదీన పోయాడు. ఏభైనాలుగేళ్ళ వయసు, ముప్పైయేళ్ళ దివానుగిరీ. విషం పెట్టారని ఊళ్ళో అనుకొన్నారు. పెద్దవాళ్ళు హఠాత్తుగా పోతే మన దేశంలో ఆ మాట రాకుండా ఉండదు.

ఆయనను ఈ దాయిరాలో మీర్ మోమిన్ నీడన పడుకోబెట్టారు. ఆయన మనుమడు మూడవ సాలార్‌జంగ్‌ది కూడ ఇక్కడే, 1949లో. మూసీ ఒడ్డున వారు నివసించిన దివాన్ దేవిడీ అంతా దుకాణాలై, అపార్టుమెంట్లై, పాత కమానులు మాత్రం మిగిలినవి. ఆ దేవిడీలోనే 1951లో నెహ్రూగారు మ్యూజియాన్ని తెరిచారు. 1968లో అది ఇప్పటి భవనానికి మారింది.

ఖబరస్తానులో మౌల్వీసాబ్ చేతులెత్తి ఫాతిహా చదివారు. నేనూ, మావాడూ చేతులు కట్టుకొని నిలబడ్డాము. తిరిగివస్తూ నేనన్నాను: “మౌల్వీసాబ్, ఆయన పోయిన పదేళ్ళకు గాని ఇక్కడ లెజిస్లేటివ్ కౌన్సిల్ పుట్టలేదు. అదైనా నిజాం నియమించిన చట్టం కిందే. ఆయనే బతికి ఉంటే?”

“ఆయన బతికి ఉంటే ఏమయితుండెనో అల్లాకు ఎరుక. ఒక్క మనిషి మీద నిలబడ్డ సర్కారు, ఆ మనిషి పోయిన తెల్లారి ఎట్లుంటదో మాత్రం ఈ షహరు చూసింది పంతులుగారూ. దివానుగిరీ కోసం గుంపులు, కొట్లాటలు. ఆయన చేసిన కాయిదాలు నిలిచినయి. కాయిదా చేసే హక్కు జనానికి రాలేదు. అదొక్కటి ఆయన చెయ్యలే.”

ఇంతకన్న న్యాయమైన తీర్పు నాకు ఏ చరిత్ర గ్రంథంలోనూ కనుపించలేదు. కనుక ఈసారి మీ ఇంటికి చుట్టాలు వస్తే, మ్యూజియంలో రెబెక్కాను చూపిన తరువాత, దబీర్‌పురాకు కూడ ఒకసారి తీసుకొని రండి. గంట చాలు. పెద్దవారికి కాళ్ళు లాగితే స్టేషను దగ్గరలోనే ఇరానీ చాయ్ దొరుకుతుంది. పిల్లలు మాత్రం తప్పకుండా అడుగుతారు, ఆయన ఎవరివైపు అని. తొందరపడి జవాబు చెప్పకండి. ముందు ఆ కమాను కింద నిలబెట్టి, దబీరు అంటే ఏమిటో చెప్పండి.